అన్నయ్య చెప్పిన బోరు

ఆ ఎండాకాలం మొత్తంలో మా అన్నయ్య నాకు చెప్పిన అబద్ధం ఒక్కటే. అదీ పెద్ద కథేమీ కాదు, రెండంకెల సంఖ్య. ఎనభై ఒకటి.

ఇంటికి ఆనుకునే మా షెడ్డు. ఇంజను విప్పడం, కొలవడం, బోరు పట్టడం, మళ్లీ బిగించడం అన్నయ్య వంతు. వైర్లు, సెన్సార్లు, కారుతో పాటు వచ్చిన కంట్రోలర్ పీకేసి దాని స్థానంలో మేం పెట్టే పెట్టె, ఆ పెట్టెలో నింపే అంకెలు నా వంతు. కారు నడపడం వదిన వంతు. ఏటా ఎండాకాలంలో కొండదారి మీద ఐదు పోటీలు జరుగుతాయి. కింద జెండా ఊపిన దగ్గర్నుంచి పైన గీత దాటేదాకా ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్లు గెలిచినట్టు. మాది పదహారు వందల సీసీ తరగతి. వదిన అందులో పన్నెండేళ్లుగా నడుపుతూ ఒక్కసారీ మొదటి స్థానానికి రాలేదు. "మొదటి కప్పు ఇస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో కూడా నాకు తెలీదు ఆడపడుచుగారూ, వంటింట్లో అరలన్నీ నిండిపోయాయి" అని నవ్వేసేది.

గెలుపుల సంగతెలా ఉన్నా, అన్నయ్య కొలతకి మాత్రం పేరుంది. ఆయన చెప్పిన కొలతని ఎవరూ మళ్లీ కొలిచేవాళ్లు కాదు. పక్క షెడ్ల వాళ్లు తమ కొలిచే గేజిల మీద అనుమానం వస్తే పట్టుకొచ్చి ఆయన చేత సరిచూపించుకునేవాళ్లు. వెంట్రుకలో పదోవంతు తేడా ఉన్నా పట్టుకునేవాడు. "కొలిచింది చెప్పు, అనుకున్నది చెప్పకు" అని నాకు పదేళ్ల వయసు నుంచీ వాయించిన మనిషి. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది ఆయనే కాబట్టి, తలదువ్వడం ఎంత అలవాటైందో ఈ మాటా అంత అలవాటైంది.

ఆ ఏడాది మొదటి పోటీకి పది రోజుల ముందు ఇంజను సిద్ధమైంది. పెట్టెలో అంకెలు నింపుతూ, బోరు ఎంత అన్నయ్యా అని అడిగాను. బోరంటే సిలిండరు లోపలి వెడల్పు, మిల్లీమీటర్లలో. అన్నయ్య గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కిటికీ వైపు మొహం పెట్టి నిలబడ్డాడు.

"ఎనభై ఒకటి," అన్నాడు.

ఎప్పుడు అడిగినా పాయింటు తర్వాత రెండంకెలు కూడా చెప్పేవాడు. ఆ రోజు చెప్పలేదు. నేనూ అడగలేదు, రాసుకున్నాను.

ఆ అంకెతో నాకేం పనో చెప్పాలి. స్పార్కు వెలిగించిన మంట వచ్చి అంటుకునేదాకా ఆగకుండా, సిలిండరు మూలన ఉన్న పెట్రోలు ఆవిరి తనంతట తాను భగ్గుమంటే దాన్ని నాకింగ్ అంటాం. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంటుంది ఆ చప్పుడు. పదే పదే జరిగితే పిస్టన్ అరిగిపోయి చివరికి చిల్లు పడుతుంది. అందుకే ఇంజను ఒంటికి ఒక సెన్సారు బిగిస్తాం, అది ఎప్పుడూ వింటూనే ఉంటుంది. నాకింగ్ వినబడగానే కంట్రోలర్ స్పార్కుని కాస్త వెనక్కి జరుపుతుంది, ఇంజను బతుకుతుంది. చిక్కేమిటంటే నడిచే ఇంజనులో వంద చప్పుళ్లు. వాల్వులు టకటకలాడతాయి, గొలుసు గీరుకుంటుంది. వాటన్నిటి మధ్యా ఏ స్థాయి శబ్దానికి చెవి పెట్టాలో మనమే చెప్పాలి. అది బోరుని బట్టి ఉంటుంది. చిన్న గిన్నె సన్నగా, పెద్ద గిన్నె బొంగురుగా మోగినట్టే. ఎనభై ఒకటి బోరుకి ఏడు కిలోహెర్ట్జ్ మీద కొంచెం. నేను ఏడు పాయింటు సున్నా ఏడు అని పెట్టాను.

మొదటి పోటీ గెలిచాం. అదీ నాలుగు సెకన్ల తేడాతో. పన్నెండేళ్లుగా మమ్మల్ని ఓడిస్తూ వచ్చిన బేకరీ ఆయన తన కారు దిగి నేరుగా అన్నయ్య దగ్గరకొచ్చాడు. పొట్ట నిండా నవ్వే మనిషి, ఓడినా ఆ నవ్వు తగ్గదు. అన్నయ్య రెండు చేతులూ పట్టుకుని, ఇన్నాళ్లకి మీ కొలతకి న్యాయం జరిగింది, మీ చేతిలో ఓడితే నాకు బాధ లేదు అన్నాడు. అన్నయ్య ఆయన భుజం మీదుగా ఎటో చూస్తూ తలాడించాడు. వదిన కప్పు తీసుకుని వచ్చి కారు వెనక సీట్లో పడేసింది. నేను ఆటపట్టించబోతే, ఎండకి తలనొప్పిగా ఉందంది.

రెండోదీ గెలిచాం. ఇంటికొచ్చాక అలవాటు ప్రకారం ప్లగ్గులు విప్పి చూశాను. తెల్లటి పింగాణీ మీద మిరియాలపొడి చల్లినట్టు బూడిదరంగు చుక్కలు. పిస్టన్ మీది లోహం కొంచెం కొంచెం రాలి అక్కడ అతుక్కుందన్నమాట. అంటే ఇంజను నాకింగ్ చేస్తోంది. కంట్రోలర్‌లో మాత్రం పోటీ మొత్తంలో ఒక్కసారి కూడా నాకింగ్ నమోదు కాలేదు. తప్పు నాదేననుకున్నాను. పెట్టె నాది, అంకెలు నావి. రెండు రోజులు నాలో నేనే కుమిలాను.

తర్వాత కారుని రోలర్ల మీదికెక్కించాం. అవి తిరుగుతూ ఉంటే కారు కదలకుండానే కొండెక్కినంత కష్టపడుతుంది. సిలిండర్లుండే ఇంజను బ్లాకుకి చిన్న మైకు బిగించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. వదినని సీట్లో కూర్చుని నడపమంటే ఆమె ససేమిరా అంది. గెలుస్తున్నాం కదా, ఇప్పుడు దాన్నెందుకు గెలకడం అంది. ఇంజను పోతే గెలిచేదేముంది వదినా అని విసుక్కుంటే అప్పుడెక్కింది. స్పార్కు ఒక్క డిగ్రీ ముందుకి జరిపాను. హెడ్‌ఫోన్లలో గులకరాళ్లు మోగాయి. వెంటనే కాలు తీసేయమని చెయ్యి ఊపాను.

ఆ చప్పుడుని గ్రాఫు గీయించి చూశాను. ఏడు దగ్గర ఏమీ లేదు, చదునుగా ఉంది. శిఖరం ఆరు పాయింటు ఆరు ఆరు దగ్గర లేచింది.

సెన్సారు వదులైందేమో అనుకుని టార్కు రెంచితో సరైన బిగువుకి మళ్లీ బిగించాను. అదే అంకె. కొత్త సెన్సారు పెట్టాను, అదే. ఇంజను చల్లారనిచ్చి మళ్లీ చేశాను. నాలుగు సిలిండర్లకీ విడివిడిగా విన్నాను. నాలుగూ ఒకే మాట చెప్పాయి. అప్పుడు లెక్క తిరగేశాను. ఇంత బొంగురుగా మోగాలంటే ఆ సిలిండరు ఎంత వెడల్పుండాలి? ఎనభై ఆరు. అటూ ఇటూ చూసినా ఎనభై ఐదుకి తక్కువ లేదు. ఎనభై ఆరు బోరంటే ఆ ఇంజను పద్దెనిమిది వందల సీసీ. మా తరగతిలో నిలబడటానికే అర్హత లేని ఇంజను.

మా ఇంజనుకి అదే కంపెనీ చేసిన పెద్దది ఒకటుందని నాకు తెలుసు. పైకి రెండూ కవలలు, లోపల కొలిస్తే తప్ప తేడా తెలీదు. కొలిచేవాడే మార్చేస్తే ఇక ఎవరికి తెలుస్తుంది?

మూడు రోజులు ఆ లెక్కే మళ్లీ మళ్లీ చేసుకున్నాను. అన్నయ్యని గమనించడం మొదలుపెట్టాను. నాతో మాట్లాడేటప్పుడు ఆయన నా మొహంలోకి చూడటం మానేశాడని అప్పుడు తట్టింది. నా చెవి వైపో, నా వెనక గోడ వైపో చూస్తూ మాట్లాడుతున్నాడు. ఎన్నాళ్ల నుంచి అని ఆలోచిస్తే, చలికాలం నుంచీ అలాగే ఉన్నట్టు గుర్తొచ్చింది. తప్పు చేసినవాడు కళ్లలోకి చూడలేడు అంటారే, అదే ఇది అని తేల్చేసుకున్నాను.

అయినా ఒక అవకాశం ఇవ్వాలనుకున్నాను. నా మంచితనం చూశారా! నోటితో అడిగి ఆయన్ని నిలదీయడం ఇష్టం లేక, మా పద్ధతిలోనే, అంకెల్లోనే అడుగుదామనుకున్నాను. కంట్రోలర్ ఫైల్లో ఆరు పాయింటు ఆరు ఆరు అని దిద్దాను. దాని కింద వివరాలు రాసుకునే గడిలో 'బోరు 86' అని కొట్టాను. ఆ ఒక్క పేజీ లాప్‌టాప్ తెర నిండా తెరిచి, పనిబల్ల మీద పెట్టి, పొద్దున్నే అన్నయ్యని పిలిచాను.

"నాకింగ్ అంకె మార్చాను. ఒకసారి చూసి చెప్పు."

ఆయన వచ్చాడు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి తెర మీదికి వంగాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఇప్పుడు చెప్తాడు, బుల్లీ తప్పయిపోయింది అంటాడు, ఇద్దరం కూర్చుని ఏం చేయాలో ఆలోచిస్తాం అనుకున్నాను.

"బాగుంది," అన్నాడు.

"సరిగ్గా చూశావా అన్నయ్యా?"

"చూశాలే. నువ్వు పెట్టిన అంకెని నేను దిద్దేదేముంది బుల్లీ." నా తల నిమిరి, పక్కగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఒళ్లు మండిపోయింది నాకు. దొంగతనం ఒక ఎత్తు, పట్టుకున్నానని చూపించాక కూడా తొణక్కుండా తల నిమరడం ఒక ఎత్తు. నన్ను ఇంకా పదేళ్ల పిల్లననుకుంటున్నాడనిపించింది. ఆ కోపం మీదే మూడో పోటీకి వెళ్లాం. నేను దిద్దిన అంకె పుణ్యాన ఇంజను హాయిగా పాడింది. మళ్లీ గెలిచాం. బేకరీ ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి అన్నయ్య దగ్గరికి కాదు, నా దగ్గరికి. "నా ఇంజనులో ఎక్కడో తప్పు చేస్తున్నానమ్మా, మొదటి పోటీ నుంచీ నిద్ర లేదు. మీ అన్నయ్యని ఒకసారి వచ్చి చూడమంటావా? ఆయన కొలిస్తే దొరుకుతుంది" అన్నాడు. ఆయన ముఖంలో ఎక్కడా వెటకారం లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారంలోనే పోటీల తనిఖీ అధికారి ఇంటికి వెళ్లాను. అందరం పెద్దాయన అంటాం. జీవితమంతా ఇంజన్లు తనిఖీ చేసిన మనిషి, మాట తక్కువ. మా ఇంజను పైమూత, హెడ్డు విప్పి బోరు కొలవండి అన్నాను. ఎవరి మాట మీద అని అడిగితే, నా మాట మీద అన్నాను. గ్రాఫు చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "మీ అన్నయ్యతో మాట్లాడావా అమ్మాయ్?" అన్నాడు. చూపించాను, చూసి బాగుందన్నాడు అని చెప్పాను.

నాలుగో పోటీ నాడు, కార్లు కొండెక్కడానికి ముందు, డేరా కింద మా ఇంజను హెడ్డు విప్పించారు. చుట్టూ అందరూ మూగారు. వదిన అన్నయ్య పక్కనే నిలబడింది, మోచేయి పట్టుకుని. నేను అవతలి వైపు, పెద్దాయన వెనక నిలబడ్డాను. ఎవరు కొలవమన్నారో అప్పటికే అందరికీ తెలిసిపోయినట్టుంది, నా పక్కన కాస్త చోటు ఖాళీగా ఉంది.

అక్కడొక పద్ధతుంది. గేజిని సిలిండరులో పెట్టేది అధికారి. అంకె పైకి చదవాల్సింది మాత్రం ఇంజను కట్టినవాడు. తర్వాత నన్ను మోసం చేశారు, తప్పు చదివారు అనడానికి లేకుండా పెట్టుకున్న పద్ధతి. పెద్దాయన గేజి దించి, అటూ ఇటూ ఊపి, సరిగ్గా నిలిపి, "చదవండి" అన్నాడు.

అన్నయ్య వంగాడు. ఆ రోజు తెర మీదికి వంగినట్టే.

"ఎనభై ఆరు," అన్నాడు.

గుంపులో గుసగుసలు లేచాయి. పెద్దాయన పెన్సిలు మాత్రం కదల్లేదు. ఆయన అన్నయ్య మొహం వైపు చూసి, తర్వాత గేజి వైపు చూశాడు. నేనూ చూశాను. గేజి ముల్లున్న ముఖం మా వైపు ఉంది. అన్నయ్య వైపు ఉన్నది దాని వీపు, ఉత్త ఇనప బిళ్ల. అన్నయ్య ఆ బిళ్లని చూసి చదివాడు.

పెద్దాయన గేజిని మెల్లగా తిప్పి, ముల్లు అన్నయ్య వైపు వచ్చేలా పెట్టాడు. "పాయింటు తర్వాత ఎంతో కూడా చెప్పండి," అన్నాడు. ఆ గొంతు మారిపోయింది.

"ఎనభై ఆరే. రాసుకోండి," అన్నాడు అన్నయ్య.

పెద్దాయన తనే వంగి చూసి, ఎనభై ఆరు పాయింటు సున్నా రెండు అని రాసుకున్నాడు. కాగితం చాపితే వదిన అన్నయ్య వేలు పట్టుకుని సంతకం చేయాల్సిన గీత మీద ఆనించింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన చేయి వణుకుతోందనుకుని ఉంటారు. అక్కడున్న అంతమందిలో ఆయన గేజి వీపు చూసి చదివాడని గమనించింది పెద్దాయన, వదిన, నేను.

బేకరీ ఆయన అన్నయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు. తలొంచుకుని వెళ్లిపోయాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

వదిన అన్నయ్యని వ్యానులో కూర్చోబెట్టి వచ్చేదాకా నేను డేరా వెనకే నిలబడి ఉన్నాను. ఆమె వచ్చి నా ఎదురుగా పెట్రోలు డబ్బా మీద కూర్చుంది. కోపంగా ఉంటుందనుకున్నాను. అలసిపోయి ఉంది.

చలికాలంలో మొదలైందట. చూపు మధ్యలో మసక, ఆ తర్వాత మచ్చ. చుట్టుపక్కల అంతా కనబడుతుంది, సూటిగా చూసిందే కనబడదు. పక్కకి చూస్తే మనిషి కొంచెం కనబడతాడు. ఇద్దరు డాక్టర్లు చూసి, ఇది తగ్గేది కాదు అన్నారట. అయినా ఎవరికీ చెప్పకుండా మా పాత బ్లాకుకి బోరు పట్టబోయాడు. కొలిచే గేజిలో పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగితే చిన్న ముల్లు ఒక గడి జరుగుతుంది. పెద్ద ముల్లు ఎలాగో అంచునుంచి పట్టుకున్నాడు, చిన్న ముల్లు కనబడలేదు. ఒక చుట్టు ఎక్కువ కోసేశాడు. సిలిండరు గోడ పగిలి పక్కనున్న నీళ్లదారిలోకి చిల్లు పడింది. ముప్ఫై ఏళ్లలో ఆయన చేతిలో పాడైన మొదటి బ్లాకు అది.

"ఆ రోజు మిషను దగ్గర కూర్చుని చంటిపిల్లాడిలా ఏడ్చాడే," అంది వదిన. "పాత సామాను కొట్టులో ఈ పెద్ద ఇంజను, బిగించి ఉన్నదే దొరికింది. కొలవక్కర్లేదు కదా, ఈ ఒక్క పోటీకి పెట్టేద్దాం, ఈలోపు సరైన బ్లాకు వెతుకుదాం అన్నాను. అన్నది నేనే. ఇంజను మీది నంబరు పలక మార్చిందీ నేనే."

"సరైనది దొరకలేదా?"

"రెండో పోటీకే దొరికింది. దాన్ని కట్టాలంటే కొలవాలిగా. ఎవరు కొలుస్తారు? నిన్నడగమని ఎంత చెప్పానో. బుల్లికి మాత్రం తెలియకూడదు, దానికి కొలవడం నేర్పినవాణ్ణి అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

నేను లాప్‌టాప్ తెర సంగతి చెప్పాను. "వచ్చి నాకు చెప్పాడు. బుల్లి ఏదో చూపించింది, తెల్లగా వెలుగు తప్ప ఏం కనబడలేదు, బాగుందన్నాను అన్నాడు" అంది వదిన.

అప్పుడు ఏడుపొచ్చింది. ఆ రోజు నేను ఆ అంకెని పైకి చదివి ఉంటే సరిపోయేది. బోరు ఎనభై ఆరని ఉంది అన్నయ్యా, అని ఒక్క ముక్క. నోరు తెరిచి అడగడం నాకు చిన్నతనమనిపించింది. ఇంజను లోపల ఎక్కడో మూలన జరిగేది వినడానికి అన్ని తంటాలు పడ్డదాన్ని, నాకు మూరెడు దూరంలో నిలబడ్డ మనిషికి ఏమైందో కనిపెట్టలేకపోయాను. ఆయన చేసింది తప్పే. అది కాదనను. కానీ దాన్ని ఇంట్లో మా ముగ్గురి మధ్య కాకుండా కొండ కింద నాలుగొందల మంది ముందు పెట్టింది నేను.

అన్నయ్య కట్టిన ఇంజను ఇక ఏ పోటీలోనూ ఎక్కకూడదని తీర్మానించారు. వదినకి మూడేళ్లు నిషేధం. మూడు గెలుపులూ రద్దు చేశారు.

మర్నాడు పొద్దున అన్నయ్య పెరటి మెట్టు మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. వెళ్లి కింది మెట్టు మీద కూర్చున్నాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ముందు ఆయనే మాట్లాడాడు.

"నీ లెక్కలో ఎంత వచ్చింది?"

"ఎనభై ఆరు."

"పెద్దాయన గేజిలో?"

"ఎనభై ఆరు పాయింటు సున్నా రెండు."

ఆయన మొహం వెలిగింది. నిజంగానే వెలిగింది, అదే నన్ను చంపేసింది. "ఇంజను విప్పకుండా, ఉత్త చప్పుడు విని? ఎంత దగ్గరికొచ్చావే బుల్లీ," అన్నాడు. మైకు ఎక్కడ బిగించావు, ఎన్నిసార్లు విన్నావు అని ఒక్కొక్కటే అడిగాడు. నేను ఏడుస్తూనే చెప్పాను. అన్నీ విని, సెన్సారు మార్చి చూడటం మంచి పని చేశావన్నాడు.

"ఇవాళే వెళ్లి పెద్దాయనకి, అందరికీ చెప్తాను," అన్నాను. "దొంగతనానికి చేసింది కాదని, నీకు కనబడక..."

"చెప్పకు."

"అన్నయ్యా, నిన్ను దొంగ అంటున్నారు."

"అననీ. దొంగ అంటే ఈ ఒక్క ఇంజనే పోతుంది." మొహం నా చెవి వైపు తిప్పి, ఆ పక్కచూపుతో నన్ను వెతుక్కున్నాడు. "చూపు లేదంటే, ఎప్పట్నుంచి లేదని అడుగుతారు. నాకే సరిగ్గా తెలీదు, ఏం చెప్పను? అప్పుడు ఊళ్లో వాళ్ల కార్లకి నేను కట్టినవన్నీ అనుమానమే. ఎంతమంది పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతున్నారో ఆ ఇంజన్లతో. ఒక్కొక్కరూ విప్పి చూసుకుంటారు. అది నేను చూడలేను."

చూడలేను అన్నాడు, మామూలుగా అందరం అనే మాటే. ఆయనా ఏమీ అనుకోలేదు.

"మరి నేను?" అన్నాను.

"నువ్వు కొలిచింది చెప్పావు. ఎవరడిగినా అంతే చెప్పు."

ఒట్టు వేయించుకోలేదు, వదిన దగ్గర వేయించుకున్నట్టు. నేను మాట దాటనని అంత నమ్మకం. లేదా నా మీద ఇక ఏ ఒట్టూ పెట్టదల్చుకోలేదో. ఇప్పటికీ తేల్చుకోలేను. పెద్దాయన కూడా ఎవరితోనూ అనలేదు. ఒకసారి షెడ్డు ముందు ఆగి, లోపలికి రాకుండానే, మీ అన్నయ్యని అడిగానని చెప్పమ్మా అని వెళ్లిపోయాడు.

ఎండలు తగ్గుముఖం పడుతుండగా బేకరీ ఆయన తన ఇంజనుని వ్యానులో వేసుకుని మా షెడ్డుకొచ్చాడు. మాకు రద్దయిన గెలుపులు ఆయన ఖాతాలోకే వెళ్లాయి, ఆ ఏడాది కప్పు ఆయనదే. ఏమాత్రం సంతోషంగా లేడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. అన్నయ్య లోపలి గదిలో మంచం మీద ఉన్నాడు, షెడ్డులోకి తెరిచే తలుపు బార్లా ఉంది. వదిన మంచినీళ్లు తెచ్చిచ్చి, ఆయన మొహం చూడకుండా లోపలికి వెళ్లి అన్నయ్య పక్కన కూర్చుంది.

ఇంజను దించాం. ఇక నుంచి తన ఇంజన్ల పనంతా నాకే అప్పగిస్తానన్నాడు. కొలత నేనే కొలవాలట, ఇంకెవరినీ ముట్టుకోనివ్వద్దట. ఆయన్ని చూసి ఇంకో ముగ్గురు కూడా వస్తామన్నారట. తలుపు దగ్గరగా వేద్దామని నేను అటు కదిలాను. ఆయన అప్పటికే మాట మొదలుపెట్టేశాడు.

"మీ అన్నయ్యని నేను దేవుడనుకున్నానమ్మా. అంత నమ్మిన మనిషి అలా మోసం చేశాక ఇక ఎవరినీ నమ్మలేననుకున్నాను. కానీ నువ్వు సొంత అన్నయ్యని కూడా చూసుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పావు. ఆయన లాంటిదానివి కాదు నువ్వు. అవునా?"

లోపలి గదిలో మంచం కిర్రుమనలేదు, దగ్గు వినబడలేదు. ఇద్దరూ వింటున్నారు. బేకరీ ఆయన నా జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తున్నాడు.

అవునండీ, అన్నాను.